షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారికి క్యాబేజీ జాతి కూరగాయలు



ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ వైపు నుండి షుగర్ పరీక్షకు వచ్చేవారు రిపోర్టు చేతికి రాగానే మొదట అడిగే ప్రశ్న ఒకటే. "సిస్టర్, ఏమి తినాలి? ఏమి మానాలి?" ఈ మధ్య దీనికి ఇంకో ప్రశ్న తోడయింది. "పరగడుపున క్యాబేజీ రసం తాగితే షుగర్ దిగుతుందని ఫోనులో వీడియో వచ్చింది. కొలెస్ట్రాల్ కూడా కరిగిపోతుందట. మరి మాత్రలు మానేయవచ్చా?"

ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు. క్యాబేజీ మంచిదే. కాలీఫ్లవర్, ముల్లంగి కూడా మంచివే. షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారు వాటిని వారంలో చాలా రోజులు తినవచ్చు. కాని ఆ మేలు గ్లాసెడు రసం వలన వచ్చేది కాదు. కంచంలో అన్నం తగ్గి, ఆ చోటులో కూర చేరినప్పుడు వస్తుంది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానరాదు. ఇది ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ఈ సమస్య ఎంత పెద్దది?

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు డయాబెటిస్ పరిశోధన సంస్థ కలిసి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినాయి. లక్షా 13 వేల మందిని పరీక్షించారు. పెద్దవారిలో 11.4 శాతం మందికి షుగర్ వ్యాధి ఉన్నట్లు, మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నట్లు తేలింది. అంటే సుమారు 10 కోట్ల మందికి వ్యాధి ఉన్నది. 13 కోట్ల మందికి పైగా రాబోయే ప్రమాదంలో ఉన్నారు.

అదే సర్వే నుండి 2025లో ఆహారం గురించిన వివరాలు వచ్చాయి. మనవాళ్ళు తినే ఆహారంలో శక్తి సుమారు 62 శాతం పిండి పదార్థాల నుండే వస్తున్నది. మన దక్షిణాదిన ఆ పిండి పదార్థంలో ఎక్కువ భాగం తెల్ల అన్నం. ఉదయం ఇడ్లీ లేక దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. మూడు పూటలా బియ్యమే. పక్కన చూస్తే కూర రెండు చెంచాలు. మన ఇళ్ళలో సరిదిద్దవలసినది ముందుగా ఇదే.

క్యాబేజీ కుటుంబంలో ఏమేమి ఉన్నాయి?

ఈ మొక్కల పువ్వుకు నాలుగు రేకులు సిలువ ఆకారంలో ఉంటాయి. అందుకే వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి పూర్వం "సిలువను ధరించినది" అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. మన బజారులో దొరికేవి ఇవి:

1. క్యాబేజీ (పత్తా గోబీ). పచ్చనిది, ఊదా రంగుది.
2. కాలీఫ్లవర్ (ఫూల్ గోబీ). పువ్వు చుట్టూ ఉండే లేత ఆకులు కూడా వండుకోవచ్చు.
3. ముల్లంగి. దుంప, ఆకు రెండూ తినదగినవే.
4. నూల్‌కోల్, శల్గం.
5. ఆవాలు, ఆవాకు. అవును, మన పోపుల డబ్బాలోని ఆవాలు కూడా ఈ కుటుంబమే.
6. బ్రకోలీ. ఖరీదు ఎక్కువ. ఇది దొరకకపోతే లోటేమీ లేదు.

పాలకూర, తోటకూర, గోంగూర ఈ కుటుంబానికి చెందినవి కావు. అయినా అవి కూడా షుగర్ ఉన్నవారికి మంచి కూరలే. చలికాలంలో క్యాబేజీ, కాలీఫ్లవర్ చౌకగా, తాజాగా దొరుకుతాయి. మిగతా నెలల్లో ఏ కూర చౌకగా ఉంటే దానితో ఈ పాఠంలోని పద్ధతే పాటించవచ్చు.

షుగర్‌కు ఎలా మేలు చేస్తాయి?

మనం తిన్న అన్నం కడుపులో అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్ ఆ గ్లూకోజును కణాలలోనికి పంపుతుంది. షుగర్ వ్యాధిలో ఇన్సులిన్ చాలదు, లేదా సరిగా పని చేయదు. కాబట్టి ఒకేసారి ఎక్కువ గ్లూకోజు వచ్చి పడితే రక్తంలో నిలిచిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. 100 గ్రాముల తెల్ల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం, 130 కిలోకేలరీల శక్తి ఉంటాయి. 100 గ్రాముల పచ్చి క్యాబేజీలో పిండి పదార్థం సుమారు 6 గ్రాములు, శక్తి 25 కిలోకేలరీలు మాత్రమే. దానిలో 90 శాతానికి పైగా నీరే. పీచు పదార్థం సుమారు 2.5 గ్రాములు ఉంటుంది.

ఒకరు మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తింటారనుకుందాం. అంటే 84 గ్రాముల పిండి పదార్థం. ఆయన 100 గ్రాముల అన్నం తగ్గించి, ఆ చోట 150 గ్రాముల క్యాబేజీ కూర పెట్టుకుంటే పిండి పదార్థం 65 గ్రాములకు తగ్గుతుంది. కంచం మాత్రం ఖాళీగా కనిపించదు, కడుపు కూడా నిండుతుంది. అదే ఆయన 300 గ్రాముల అన్నం అలాగే తిని, పైన క్యాబేజీ రసం తాగితే 84 గ్రాములు 84గానే ఉంటాయి. ఏమీ తగ్గదు. పైగా రసం వడకట్టినప్పుడు మేలు చేసే పీచంతా పిప్పిలో పోతుంది.

రెండవ సంగతి, తినే వరుస. అమెరికాలో 2015లో 11 మంది షుగర్ రోగులపై ఒక చిన్న పరిశోధన చేశారు. ఒక రోజు వారు రొట్టె, పండ్ల రసం ముందు తిని, కోడి మాంసం, కూరగాయలు తరువాత తిన్నారు. మరొక రోజు అదే భోజనాన్ని తిరగవేసి, కూరగాయలు, మాంసం ముందు తిని, రొట్టె చివరన తిన్నారు. ఆ కూరగాయలలో ఉడికించిన బ్రకోలీ కూడా ఉంది. కూరగాయలు ముందు తిన్న రోజున గంట తరువాత షుగర్ సుమారు 37 శాతం తక్కువగా ఉన్నది. కొద్దిమందిపై చేసినదే అయినా, దీనిని పాటించడానికి పైసా ఖర్చు లేదు. కాబట్టి కంచం ముందు కూర్చోగానే మొదట కప్పు కూర, పప్పు తినండి. ఆ తరువాతే అన్నం కలుపుకోండి.

కొలెస్ట్రాల్‌కు ఎలా మేలు చేస్తాయి?

కొలెస్ట్రాల్ "కరిగిపోవడం" అనేది సరియైన మాట కాదు. జరిగేది ఇది. మన కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసాన్ని తయారు చేస్తుంది. కొవ్వు అరగడానికి ఆ రసం ప్రేగులలోనికి వస్తుంది. పని అయిన తరువాత దానిలో ఎక్కువ భాగం తిరిగి కాలేయానికి చేరుతుంది. మనం పీచు ఉన్న కూర తింటే, ఆ పీచు పైత్య లవణాలను కొంత పట్టుకుని మలంతో బయటకు పంపుతుంది. అప్పుడు కాలేయం కొత్త పైత్యరసం కోసం రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను లాగుకుంటుంది. అలా రక్తంలో కొంత తగ్గుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు 2008లో ప్రయోగశాలలో పరీక్షించి, క్యాబేజీ, బ్రకోలీ, ఆవాకు వంటివి పచ్చిగా ఉన్నప్పటి కంటే ఆవిరిపై ఉడికించినప్పుడు పైత్య లవణాలను బాగా పట్టుకుంటాయని చూపారు. అంటే కొలెస్ట్రాల్ విషయంలో పచ్చి రసం కంటే ఉడికిన కూరే నయం.

అయితే ఎంత తగ్గుతుంది? ఇది నిజాయితీగా తెలుసుకోవలసిన మాట. బ్రిటన్‌లో 130 మందిపై చేసిన రెండు ప్రయోగాల ఫలితాలు 2015లో వచ్చాయి. ప్రత్యేకంగా పెంచిన ఒక రకం బ్రకోలీని వారానికి 400 గ్రాముల చొప్పున 12 వారాలు తిన్నవారికి చెడ్డ కొలెస్ట్రాల్ 5 నుండి 7 శాతం తగ్గింది. మామూలు బ్రకోలీ తిన్నవారికి సుమారు 2 శాతం. మీ చెడ్డ కొలెస్ట్రాల్ 150 ఉంటే, 7 శాతం తగ్గినా 140కి వస్తుంది. షుగర్ ఉన్నవారికి అది సాధారణంగా 100 లోపు ఉండాలని డాక్టర్లు కోరుతారు. గుండె జబ్బు ఉంటే ఇంకా తక్కువ ఉండాలి. డాక్టరు వ్రాసే స్టాటిన్ మాత్ర 30 నుండి 50 శాతం తగ్గించగలదు. కాబట్టి కూర మాత్రకు సహాయం చేస్తుంది. మాత్ర పనిని తాను చేయలేదు.

రక్తపోటు మాట కూడా ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియాలో 18 మందిపై చేసి 2024లో ప్రచురించిన ప్రయోగంలో, రోజుకు సుమారు 300 గ్రాముల క్యాబేజీ జాతి కూరలు రెండు వారాలు తిన్నవారికి, బంగాళాదుంప, గుమ్మడి వంటివి తిన్నప్పటి కంటే పై రక్తపోటు సగటున 2.5 పాయింట్లు తక్కువగా ఉన్నది. చిన్న మార్పే. కాని షుగర్, బి.పి., కొలెస్ట్రాల్ మూడూ కలిసి ఉన్నవారు మనలో చాలామంది. వారికి ప్రతి చిన్న మార్పూ ఉపయోగమే.

మరి "క్యాబేజీలో షుగర్ మందు ఉన్నది" అనే మాట ఎక్కడి నుండి వచ్చింది?

దీనికి కొంత ఆధారం ఉన్నది. ఈ కూరలను తరిగినప్పుడు, నమిలినప్పుడు ఘాటైన గంధకపు పదార్థాలు తయారవుతాయి. వాటిలో సల్ఫోరఫేన్ అనేది ఒకటి. ఇది బ్రకోలీ మొలకలలో చాలా ఎక్కువ. స్వీడన్‌లో 97 మంది షుగర్ రోగులకు బ్రకోలీ మొలకల సారాన్ని 12 వారాలు ఇచ్చి చూశారు. ఫలితాలు 2017లో వెలువడినాయి. బరువు ఎక్కువగా ఉండి, షుగర్ అదుపులో లేనివారికి పరగడుపు షుగర్ కొంత తగ్గింది.

కాని రెండు సంగతులు గమనించండి. మొదటిది, వారిలో దాదాపు అందరూ మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటూనే ఆ సారం తీసుకున్నారు. రెండవది, ఆ సారంలోని మోతాదు రోజుకు సుమారు 5 కిలోల బ్రకోలీ తినడంతో సమానం. ఏ మనిషీ తినలేడు. వీడియోలలో ఈ రెండు సంగతులు చెప్పరు.

ఎక్కువ తింటే ఎక్కువ మేలు అనుకోవడం ప్రమాదం కూడా. 2010లో ఒక వైద్య పత్రికలో అమెరికాలో నివసించే 88 ఏళ్ళ చైనా వృద్ధురాలి సంగతి వచ్చింది. షుగర్ తగ్గుతుందన్న నమ్మకంతో ఆమె క్యాబేజీ జాతికే చెందిన ఒక ఆకుకూరను రోజుకు కిలో నుండి కిలోన్నర వరకు, పచ్చిగా, కొన్ని నెలల పాటు తిన్నది. థైరాయిడ్ పూర్తిగా దెబ్బతిని, మగతలోకి వెళ్ళి, ఐ.సి.యు.లో చేర్చవలసి వచ్చింది. కూర మంచిదే. మితి తప్పింది, పైగా పచ్చిగా తిన్నది.

ఎంత తినాలి?

ఈ విషయంలో మనకు దారి చూపే సంస్థ మన పక్కనే ఉన్నది. ఉప్పల్ నుండి హబ్సిగూడ మీదుగా వెళితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలోకేలరీలు అవసరమైన వ్యక్తికి ఆ సూచనల ప్రకారం:

– ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు
– పండ్లు 100 గ్రాములు
– బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు (వండక ముందు తూకం)
– పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు

ఇక్కడ గమనించండి. ధాన్యం కంటే కూర తూకం ఎక్కువ. మన ఇళ్ళలో దీనికి తలక్రిందులుగా ఉంటుంది. ఆ 400 గ్రాములలో 100 నుండి 150 గ్రాములు క్యాబేజీ జాతి కూర అయితే చాలు. మిగిలినది ఆకుకూరలు, సొరకాయ, బీరకాయ, బెండకాయ, చిక్కుడు, టమాట. రకరకాలుగా తినడమే మంచిది.

తూకం వేయడం కష్టమైతే కంచం లెక్క పాటించండి. కంచంలో సగం కూరలు. పావు వంతు అన్నం, లేదా రొట్టె. మిగిలిన పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేక చికెన్.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు డ్యూటీలు చేసే అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు టిఫిన్ బాక్సు తీసుకుపోతారు. అందులో పెద్ద గిన్నె నిండా అన్నం, చిన్న గిన్నెలో కూర ఉంటుంది. రేపటి నుండి ఆ గిన్నెలు మార్చండి. పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నం. ఇంతకంటే సులువైన పథ్యం లేదు.

ఎలా వండాలి?

1. ముందు కడిగి, తరువాత తరగండి. తరిగిన తరువాత నీళ్ళలో నానబెడితే సి విటమిను నీళ్ళలో పోతుంది.

2. తరిగిన క్యాబేజీని అరగంట పక్కన ఉంచి తరువాత వండండి. తరిగినప్పుడు కూరలోని ఒక ఎంజైము పని మొదలు పెట్టి మేలు చేసే గంధకపు పదార్థాలను తయారు చేస్తుంది. వెంటనే పొయ్యి మీద పెడితే వేడికి ఆ ఎంజైము పాడైపోతుంది.

3. మూత పెట్టి, కొద్ది నీళ్ళు చల్లి, సన్నని మంటపై మగ్గించండి. చాలా నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయకండి. మిగిలితే చారులో, సాంబారులో పోయండి. ఎక్కువసేపు ఉడికితే గంధకపు వాసన వచ్చి పిల్లలు ముట్టరు.

4. ఆవపెట్టిన కూర చేయండి. మన పెద్దలు చేసే ఈ పద్ధతి చాలా మంచిది. పచ్చి ఆవాలు నానబెట్టి, పచ్చిమిరపకాయతో నూరి, కూర దించిన తరువాత కలుపుతారు. పచ్చి ఆవాలలో ఆ ఎంజైము ఉంటుంది. ఉడికిన బ్రకోలీకి ఆవపిండి కలిపితే మేలు చేసే పదార్థం ఎక్కువగా అందుతుందని 2018లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. నూనెలో చిటపటలాడిన పోపు ఆవాలలో ఈ గుణం ఉండదు. కనుక చల్లారిన కూరలో అర చెంచా ఆవ ముద్ద కలపండి.

5. నూనె కొలిచి పోయండి. ఒక చిన్న చెంచా నూనెకు 45 కిలోకేలరీలు. 100 గ్రాముల క్యాబేజీకి 25 మాత్రమే. నలుగురికి చేసే కూరకు మూడు, నాలుగు చిన్న చెంచాలు చాలు.

6. శనగపప్పు లేదా పెసరపప్పు వేసి వండితే మాంసకృత్తులు కూడా అందుతాయి.

ఇవి మేలు కాదు

సాయంత్రం బండి మీద దొరికే గోబీ మంచూరియా పేరుకు కాలీఫ్లవరే. కాని పైన మైదా, కార్న్‌ఫ్లోర్, మరిగిన నూనె, ఉప్పు, రంగు. రంగుల సంగతి తెలిసినదే. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడడాన్ని నిషేధించింది. క్యాబేజీ పకోడీ కూడా కూర లెక్కలోకి రాదు. కాలీఫ్లవర్ ఆవకాయలో నూనె, ఉప్పు ఎక్కువ. బి.పి. ఉన్నవారు నంజుకు మించి తినవద్దు.

క్యాబేజీలో పురుగు మెదడులోకి పోతుందా?

ఈ భయంతో క్యాబేజీ పూర్తిగా మానేసిన ఇళ్ళున్నాయి. క్యాబేజీ ఆకుల మధ్య కనిపించే పచ్చని గొంగళిపురుగు మెదడులోకి పోదు. మెదడుకు చేరి మూర్ఛలు తెప్పించేది బద్దెపురుగు గ్రుడ్లు. ఆ గ్రుడ్లు కంటికి కనబడవు. బద్దెపురుగు ఉన్న మనిషి మలం కలిసిన నీటితో, మట్టితో, కడగని చేతులతో ఏ పచ్చి కూర ద్వారానైనా రావచ్చు.

నగరపు మురుగునీరు కలిసిన మూసీ నది ఉప్పల్, నాగోలుల మధ్యగా పారి, పీర్జాదిగూడ వైపు సాగుతుంది. ఆ నీటితో గడ్డి, ఆకుకూరలు పండించడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నది. మనం కొన్న కట్ట ఏ నీటితో పెరిగిందో చూసి చెప్పలేము. కాబట్టి:

– క్యాబేజీ పై ఆకులు రెండు, మూడు తీసివేయండి.
– విడదీసిన ఆకులను, కాలీఫ్లవర్ పువ్వు ముక్కలను, ముల్లంగి ఆకును పారే నీటి క్రింద రెండుసార్లు కడగండి.
– కాలీఫ్లవర్‌ను వేడి ఉప్పునీటిలో ఐదు నిమిషాలు ఉంచితే లోపలి పురుగులు బయటకు వస్తాయి.
– బాగా ఉడికించి తినండి. వేడికి ఆ గ్రుడ్లు చనిపోతాయి.
– వండేముందు, తినేముందు సబ్బుతో చేతులు కడగండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

గుండె కవాటం మార్చినవారు, రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవారు: వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవారికి ఇది ముఖ్యం. ఈ కూరలలో, ముఖ్యంగా ఆవాకులో, కె విటమిను ఎక్కువ. అది ఈ మాత్రల పనిని తగ్గిస్తుంది. కూర మానవలసిన పని లేదు. వారం వారం ఒకే మోతాదులో తినండి. ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ తినవద్దు. ఆహారం మార్చేముందు డాక్టరుకు చెప్పండి.

థైరాయిడ్ తక్కువగా ఉన్నవారు: ఉడికించిన కూర మామూలు మోతాదులో తినవచ్చు. అయొడైజ్డ్ ఉప్పు వాడండి. పచ్చి రసాలు వద్దు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: ఏ కూర ఎంత తినాలో మీ డాక్టరు చెప్పినట్లే చేయండి.

గ్యాస్ వచ్చేవారు: అర కప్పుతో మొదలు పెట్టండి. జీలకర్ర, ఇంగువ, అల్లం వేసుకోండి. రెండు వారాలలో కడుపు అలవాటు పడుతుంది. రాత్రి బదులు మధ్యాహ్నం తినండి.

ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు: మీరు అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించి, మందు అదే మోతాదులో వేసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, తికమక కలిగితే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు లేక పంచదార నీళ్ళలో కలిపి తాగండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. అన్నం కొద్దికొద్దిగా తగ్గించండి. తగ్గిస్తున్నామని డాక్టరుకు ముందే చెబితే మందు మోతాదు ఆయనే సరిచేస్తారు.

మాత్రలు ఎందుకు మానకూడదు?

షుగర్ 250, 300 ఉన్నా చాలామందికి నొప్పి తెలియదు. అందుకే "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు ఆపుతారు. నొప్పి లేకపోయినా లోపల నష్టం సాగుతూనే ఉంటుంది. కంటి వెనుక సన్నని రక్తనాళాలు, మూత్రపిండాల జల్లెడలు, పాదాల నరాలు నెమ్మదిగా పాడవుతాయి. పాదానికి స్పర్శ పోయినవారికి చెప్పులో రాయి కూడా తెలియదు. అది పుండవుతుంది, మానదు. అప్పుడు ఆసుపత్రికి వస్తే వేలు తీయాలా, పాదం తీయాలా అన్న మాట వస్తుంది. ఇంట్లో సంపాదించే మనిషి కాలు పోతే ఆ ఇంటి బతుకే తలక్రిందులవుతుంది. నెలల తరబడి రసాన్ని నమ్ముకుని పోగొట్టుకున్న సమయాన్ని ఏ డాక్టరూ తిరిగి ఇవ్వలేడు.

కూర బాగా పని చేస్తే అది మీ రిపోర్టులోనే కనిపిస్తుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించండి. చాలామందికి అది 7 లోపు ఉండాలి. కొలెస్ట్రాల్ పరీక్ష కూడా డాక్టరు చెప్పిన సమయానికి చేయించండి. అంకెలు తగ్గితే మాత్ర తగ్గించడం డాక్టరు పని. ఆ నిర్ణయం ఇంట్లో గాని, ఫోను చూసి గాని చేయకండి.

వారం రోజులకు ఒక నమూనా

సోమవారం: క్యాబేజీ, పెసరపప్పు కూర.
మంగళవారం: ముల్లంగి సాంబారు, తోటకూర వేపుడు (తక్కువ నూనెతో).
బుధవారం: కాలీఫ్లవర్, టమాట కూర. రాత్రి జొన్న రొట్టెతో అదే కూర.
గురువారం: సొరకాయ పప్పు, బెండకాయ కూర.
శుక్రవారం: ఆవపెట్టిన క్యాబేజీ కూర.
శనివారం: ముల్లంగి ఆకు పప్పు, లేదా నూల్‌కోల్ కూర.
ఆదివారం: చికెన్ లేదా చేపల పులుసు. దానితో పాటు తప్పనిసరిగా ఒక కప్పు క్యాబేజీ లేక చిక్కుడు కూర. బిర్యానీ అయితే ఒక చిన్న కప్పు మాత్రమే.

దీనితో పాటు రోజుకు అరగంట నడవండి. భోజనం తరువాత పది, పదిహేను నిమిషాల నడక కూడా షుగర్‌ను తగ్గిస్తుంది.

చదివినది గుర్తున్నదా?

1. క్యాబేజీ కూర వలన షుగర్ తగ్గాలంటే కంచంలో ఏది తగ్గాలి?
2. ముందు కూర తినాలా, అన్నం తినాలా?
3. కొలెస్ట్రాల్ విషయంలో పచ్చి రసం మంచిదా, ఉడికిన కూరా?
4. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఏ జాగ్రత్త తీసుకోవాలి?
5. మాత్రల మోతాదు తగ్గించేది ఎవరు?

ఈ అయిదింటికీ జవాబు చెప్పగలిగితే పాఠం మీకు వచ్చినట్లే. చదువు రాని పెద్దవారు ఇంట్లో ఉంటే వారికి చదివి వినిపించండి. ఈ పూట వంట చేసే చేతికి ముందుగా చెప్పండి. షుగర్ ఒక్కరికే ఉన్నా, ఈ కూర ఇంటిల్లిపాదికీ మంచిదే. ఒక్కరికి వేరుగా వండకుండా, అందరూ అదే తింటే ఆ ఒక్కరికి పథ్యం భారం కాదు.